నోటి లైకెన్ ప్లానస్‌కి పైపూత మందులు: నాలుగేళ్లు వాడి చూశాక

నేను నరసరావుపేటలో హైస్కూల్ టీచర్ని, లెక్కలు చెబుతాను. నాలుగేళ్లుగా నా నోట్లో లైకెన్ ప్లానస్ ఉంది. రెండు బుగ్గల లోపల, నాలుక ఎడమ అంచున, పై చిగుళ్ల మీద. డాక్టర్లు రాసినవి, మందుల షాపులో ఇచ్చినవి, చుట్టాలు చెప్పినవి కలిపి ఇప్పటిదాకా తొమ్మిది రకాలు పూశాను, పుక్కిలించాను. ఏ రోజు ఏది వాడాను, మంట పదికి ఎంత ఉంది, ఆ పూట ఏం తినగలిగాను అని 200 పేజీల నోట్‌బుక్‌లో రాస్తూ వచ్చాను. దాన్ని ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. నాకు ఈ జబ్బని తేలిన రోజున తెలుగులో వెతికితే దొరికినవన్నీ నోటిపూత చిట్కాలే. ఆ రాత్రి నాకు ఏం తెలిసి ఉంటే బాగుండేదో అదే ఇక్కడ పెడుతున్నాను.

ఇది నోటిపూత కాదు. నోటిపూత వారం పది రోజుల్లో మానుతుంది, మళ్లీ ఎప్పుడో వస్తుంది. లైకెన్ ప్లానస్ అలా పోదు. కొన్నాళ్లు అణుగుతుంది, కొన్నాళ్లు రేగుతుంది. బుగ్గ లోపల తెల్లటి గీతలు ఒకదాన్లో ఒకటి కలిసి మెలికల ముగ్గులా కనిపిస్తాయి. 1895లో వీటిని వర్ణించిన ఫ్రెంచి డాక్టరు విక్‌హామ్ పేరుతోనే ఇప్పటికీ ఆ గీతల్ని పిలుస్తున్నారు. గీతలు మాత్రమే ఉన్నవాళ్లలో చాలామందికి బాధ ఉండదు. పంటి కోసం వెళ్తే డాక్టరు చూసి చెబుతారు, అంతవరకూ తెలియదు. నాది ఎరోసివ్ రకం. గీతల మధ్య పైపొర లేచిపోయి ఎర్రగా, పచ్చిపుండులా ఉంటుంది. చిగుళ్ల మీద బ్రష్ తగిలితే చర్మం పొరలా ఊడి వస్తుంది. మన ఒంట్లోని రక్షణ కణాలే నోటి లోపలి పొర మీదికి తిరగబడడం వల్ల ఇలా అవుతుందట. అంటుకునే జబ్బు కాదు. ఈ మాట తెలియక నేను నెలరోజులు మా మనవరాలికి ముద్దలు కలిపి పెట్టడం మానేశాను. ఎవరైనా ఇప్పుడు అదే భయంలో ఉంటే దయచేసి ఆ భయం వదిలేయండి.

మొదటి ఎనిమిది నెలలు బి కాంప్లెక్స్ మాత్రలతో, గ్యాస్ మాత్రలతో గడిచిపోయాయి. ఒక పళ్ల క్లినిక్‌లో రెండుసార్లు పళ్లు క్లీన్ చేశారు, చిగుళ్లు ఇంకా రేగాయి. ఎవరూ బుగ్గ లాగి లైటు వేసి చూడలేదు. చివరికి మా స్కూల్లో సైన్సు మాస్టారు, "మేడమ్, డెంటల్ కాలేజీలో ఓరల్ మెడిసిన్ అని విడిగా ఉంటుంది, అక్కడికి వెళ్లండి" అన్నారు. పళ్ల డాక్టర్లలో నోటి లోపలి జబ్బులకే ఒక విభాగం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

అక్కడ బెంచీ మీద నా పక్కన ఒకాయన గుట్కా అలవాటుతో నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఇంకో పక్క శ్రీకాకుళం నుంచి కూతురింటికి వచ్చిన పెద్దావిడ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు, అంగిలంతా తెల్లబడింది. మా ముగ్గురి నోళ్లలోనూ తెలుపే, మూడూ వేరు వేరు జబ్బులు. అందుకే డాక్టరమ్మ చూడగానే పేరు చెప్పకుండా బుగ్గలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. మత్తుసూది ఇచ్చారు, రెండు కుట్లు పడ్డాయి. ఆ ముక్కకి భయపడి వెళ్లకుండా ఉండకండి. నా నోట్‌బుక్‌లో ఆ వారం మంట మామూలు రోజుల కంటే ఒక్క అంకె మాత్రమే ఎక్కువ.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు కూడా రాస్తాను, ఎందుకంటే మందు మొదలుపెట్టే ముందు ఇవి తేలాలి. బీపీకి ఏ మాత్ర వాడుతున్నారు? నొప్పి మాత్రలు తరచుగా వేసుకుంటారా? పంట్లో వెండి ఫిల్లింగ్ ఉందా? కొన్ని బీపీ మందుల వల్ల, కొన్ని నొప్పి మాత్రల వల్ల, ఫిల్లింగ్ రాసుకునే చోట కూడా ఇలాంటి మచ్చలే వస్తాయట. అప్పుడు పూతమందు ఎంత పూసినా అసలు కారణం అలాగే ఉంటుంది. నాకు కింద కుడివైపు వెండి ఫిల్లింగ్ ఉంది, కానీ మచ్చలు రెండు బుగ్గల మీదా సమానంగా ఉన్నాయి కాబట్టి దాని పని కాదన్నారు. హెపటైటిస్ సి (లివర్‌కి వచ్చే వైరస్ జబ్బు) కొందరిలో దీనితో పాటు ఉంటుందని దాని రక్తపరీక్ష కూడా చేయించారు, లేదని వచ్చింది.

ఇక మందులు. మొదట రాసింది ట్రయామ్సినోలోన్ 0.1 శాతం ఓరల్ పేస్టు. స్టెరాయిడే గానీ మధ్యరకం బలం. నోటి కోసమే తయారుచేసింది కాబట్టి తడి మీద అతుక్కునే జిగురు లాంటి పదార్థం అందులో ఉంటుంది. మొదటి పది రోజులు దీన్ని నేను పూర్తిగా తప్పుగా వాడాను. చర్మానికి క్రీము రాసినట్టు వేలితో రుద్దాను. రుద్దితే ఇసుకలాగా గరగరమని రాలిపోతుంది, నాలుకంతా పలుకులు. మందు పాడైందనుకుని ఇంకో ట్యూబు కొన్నాను, అదీ అంతే. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ తన ఎదుటే పూయించి చూసి, "రుద్దకండి మేడమ్, అద్ది వదిలేయండి" అన్నారు. చిన్న బఠాణీ గింజలో సగమంత తీసుకుని, మచ్చ మీద పెట్టి, ఒత్తి, చేయి తీసేయాలి. కాసేపటికి అది నీళ్లు పీల్చుకుని నున్నటి పొరలా మారుతుంది. అలా చేసిన రోజున అరగంట పైనే నిలిచింది.

రాత్రి పడుకునే ముందు పూసింది బాగా పనిచేసింది, పగలు పూసింది మాటలతో కొట్టుకుపోయింది. రోజుకి ఆరు పీరియడ్లు మాట్లాడే మనిషికి ఇది పగటి మందు కాదు. ఆరు వారాల్లో బుగ్గల మంట 7 నుంచి 5కి దిగింది, నాలుక మీద, చిగుళ్ల మీద ఏమీ మారలేదు. చిగురు మీద అసలు నిలవదు. చిన్న మచ్చ ఒకటి రెండు చోట్ల ఉన్నవాళ్లకి, కొత్తగా మొదలైనవాళ్లకి ఇది మంచి మందు. నాలాంటి రకానికి బలం చాలదు. ఈ పేస్టులో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. పట్టింపు ఉన్న శాకాహారులు డాక్టరుకి ముందే చెప్పుకోవడం మంచిది.

తర్వాత క్లోబెటసాల్ 0.05 శాతం ఆయింట్‌మెంట్. నా నోటిని నిలబెట్టింది ఇదే, జాగ్రత్తలు ఎక్కువ చెప్పాల్సిందీ దీని గురించే. పైపూత స్టెరాయిడ్లలో అన్నిటికంటే బలమైన వరసలో ఉంటుంది. అసలు చర్మం మందు. ట్యూబు మీద "బయటి వాడకానికి మాత్రమే" అని ఉంటుంది. ఆ అక్షరాలు చదివి మా వారు "ఏమిటిది, నోట్లో పెట్టమన్నారా నిజంగా?" అని మళ్లీ డాక్టరమ్మకి ఫోన్ చేయించారు. నోటి లైకెన్ ప్లానస్‌కి ప్రపంచమంతా దీన్ని ఇలాగే వాడుతున్నారని, కాకపోతే ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టరు చూపులో ఉండాలని ఆవిడ చెప్పారు.

ఇక్కడ ఒక గండం తప్పింది నాకు. రెండో ట్యూబు కొనడానికి వెళ్తే షాపులో కుర్రాడు పాత అట్టపెట్టె చూసి అదే రంగు పెట్టె ఇచ్చాడు. ఇంటికొచ్చి చదివితే పేరు చివర ఒక అక్షరం ఎక్కువ ఉంది. క్లోబెటసాల్‌తో పాటు సాలిసిలిక్ యాసిడ్ కలిపిన మందు అది. అరికాళ్ల మీద గట్టిపడిన చర్మాన్ని కరిగించడానికి వాడేది. పచ్చిపుండు మీద పెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. తిరిగి వెళ్లి అడిగితే "ఒకటేనమ్మా, అందరూ తీసుకెళ్తారు" అన్నాడు. ఒకటి కాదు. మన దగ్గర క్లోబెటసాల్‌ని యాంటీబయాటిక్‌తో కలిపి, ఫంగస్ మందుతో కలిపి, సాలిసిలిక్ యాసిడ్‌తో కలిపి రకరకాలుగా అమ్ముతారు, పేర్లు దాదాపు ఒకటే. ట్యూబు మీద మందు పేరు ఒక్కటే ఉందా, పక్కన ఇంకోటి ఉందా అని కళ్లజోడు పెట్టుకుని చదవండి. అమ్మకి, అత్తగారికి కొని తెచ్చే పిల్లలకి ముఖ్యంగా ఈ మాట చెబుతున్నాను.

ఆయింట్‌మెంటుది జిడ్డు గుణం. తడి బుగ్గ మీద పెడితే జారి నాలుక మీదికి వస్తుంది, రుచి వాజలీన్ తిన్నట్టు ఉంటుంది. దీనికి డాక్టరమ్మ నేర్పిన పద్ధతి: గాజుగుడ్డ మడతతో మచ్చని అద్ది తడి తీసేయాలి, శుభ్రమైన వేలితో పల్చగా పూయాలి, అరగంట దాకా తినకూడదు, తాగకూడదు. ఊరిన లాలాజలం ఉమ్మేయాలి. ఇలా రోజుకి రెండు పూటలు, నాలుగు వారాలు. బుగ్గల మంట 5 నుంచి 2కి వచ్చింది. ఎన్నో నెలల తర్వాత టమాటా పప్పు తిన్నాను, ఆ తేదీ నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో ఉంది.

కానీ చిగుళ్లు మాత్రం మొండికేశాయి. పెదవి కదిలినప్పుడల్లా మందు తుడుచుకుపోతుంది. అప్పుడు పై పళ్లకి అచ్చు తీసి మెత్తటి పారదర్శకమైన ట్రే చేయించారు. పళ్లు తెల్లబరచడానికి వాడే ట్రే లాంటిదే, చిగురు మీదికి కాస్త పొడుగ్గా ఉంటుంది. నాకు 1,200 రూపాయలయింది. చిగురు తగిలే లోపలి అంచు వెంట సన్నటి గీతలా మందు పెట్టి, బిగించి, 15 నిమిషాలు ఉంచుకోవాలి. తీశాక మిగిలింది ఉమ్మేసి, ట్రేని చల్లనీళ్లతో కడగాలి. వేణ్నీళ్లలో వేస్తే వంకర పోతుంది.

ఈ ట్రే నా చిగుళ్లకి చేసిన మేలు ఏ మందూ చేయలేదు. అదే ఆయింట్‌మెంటు, అదే బలం, అదే మోతాదు. ముందు ఆరు వారాల్లో చిగురు మంట 6 దగ్గరే ఉంది, ట్రే పెట్టాక ఐదు వారాలకి 2. నోరు నిమిషం నిమిషం తడితో, నాలుకతో, మాటతో మందుని కడిగేస్తుంది. ఎంత గొప్ప మందైనా పుండు మీద పావుగంట నిలవకపోతే పూసినట్టు కాదు. ఎవరైనా "ఫలానా మందు పనిచేయలేదు" అంటే ఇప్పుడు నేను ముందు అడిగేది "ఎలా పూశారు, ఎంతసేపు ఉంది?" అనే. చిగుళ్ల రకం ఉన్నవాళ్లు మీ డాక్టరుని ట్రే గురించి తప్పకుండా అడగండి. అన్నిచోట్లా వాళ్లంతట వాళ్లు చెప్పరు.

దీని చెడు: మూడో వారంలో అంగిట్లో, నాలుక వెనక మీగడ తరకల్లా తెల్లగా వచ్చింది. జబ్బు పెరిగిందని టెన్షన్‌తో రాత్రంతా నిద్ర లేదు. అది ఫంగస్. స్టెరాయిడ్ నోట్లో వాడేవాళ్లకి వచ్చేదే. గుర్తు ఏమిటంటే ఫంగస్ తెలుపు గుడ్డతో తుడిస్తే వస్తుంది, లైకెన్ గీతలు తుడిస్తే రావు. క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ చుక్కలు పది రోజులు వేస్తే పోయింది. ఇప్పుడు క్లోబెటసాల్ నడిచే రోజుల్లో దాన్ని కూడా ముందుగానే రాయించుకుంటాను. ఇంకొకటి, తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపేశాను ఒకసారి. పన్నెండు రోజుల్లో మళ్లీ రేగింది. రెండు పూటల నుంచి ఒక పూటకి, తర్వాత రోజు మార్చి రోజుకి, తర్వాత వారానికి రెండుసార్లకి, ఇలా మెట్లు దిగినట్టు దిగాలి.

బీటామెథాసోన్ గురించి చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు, ఎందుకంటే అది మాత్ర. 0.5 మిల్లీగ్రాముల మాత్రని రెండు చెంచాల నీళ్లలో కరిగించి, మూడు నాలుగు నిమిషాలు నోట్లో తిప్పి ఉమ్మేయాలి. మింగకూడదు. నోట్లో పది చోట్ల మచ్చలుంటే ఒక్కొక్క దాని మీదా వేలితో పూయడం కుదరదు. నీళ్లు ప్రతి మూలకీ వెళ్తాయి. స్కూల్లో మధ్యాహ్నం భోజనం అయ్యాక వాష్‌బేసిన్ దగ్గర నిలబడి పుక్కిలించేదాన్ని. పక్కన టీచర్లు మౌత్‌వాష్ అనుకునేవాళ్లు. ఆయింట్‌మెంటు పూసుకుని అరగంట మౌనంగా కూర్చోవడం కంటే పని చేసుకునేవాళ్లకి ఇది చాలా సులువు.

ధరలో దీన్ని కొట్టేది లేదు. నెలకి నాకు అయిన ఖర్చు క్లోబెటసాల్ ట్యూబు కంటే తక్కువే. బలంలో క్లోబెటసాల్‌కి ఒక మెట్టు కింద. రేగినప్పుడు అణచడానికి క్లోబెటసాల్, అణిగాక అలా ఉంచడానికి ఇది, నాకు అలా కుదిరింది. రుచి కాస్త చేదు, అంతే. ఒక భయం ఉంది: నాకు షుగర్ ఉంది. స్టెరాయిడ్ నీళ్లు గుటక పడితే షుగర్ పెరుగుతుందని డాక్టరమ్మ ముందే హెచ్చరించి, మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి సగటు షుగర్ పరీక్ష చేయించారు. మార్పు లేదు. మీకు షుగర్ ఉంటే ఆ పరీక్ష మీరే అడిగి చేయించుకోండి. ఉమ్మేశాక మామూలు నీళ్లతో కడుక్కోవాలనిపిస్తుంది, వద్దు, అరగంట ఆగాలి. ఇంకో సంగతి, ఈ మాత్రలు ఇంట్లో ఎవరికీ అందుబాటులో ఉంచకండి. ఆయాసానికి, ఒళ్లు నొప్పులకి ఎవరో చెప్పారని వీటిని మింగేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు.

నాలుక ఎడమ అంచు మచ్చ వీటన్నిటికీ లొంగలేదు. ఒక రూపాయి బిళ్లంత ఉండేది. మాట్లాడితే పంటికి రాసుకునేది. "త్రిభుజం" అనే మాట పలికితే చుర్రుమనేది, రోజుకి ఎన్నిసార్లు పలకాలో లెక్కల టీచరుకే తెలుసు. దానికి రాసింది టాక్రోలిమస్ 0.1 శాతం ఆయింట్‌మెంట్. ఇది స్టెరాయిడ్ కాదు. 1984లో జపాన్‌లో సుకుబా దగ్గరి మట్టిలో దొరికిన ఒక బాక్టీరియా నుంచి తీశారు. కిడ్నీ, లివర్ మార్పిడి చేసినవాళ్ల ఒళ్లు కొత్త అవయవాన్ని తిప్పికొట్టకుండా ఇచ్చే మందు ఇదే. పైపూతగా ఎగ్జిమాకి, అంటే ఎర్రబడి దురద పెట్టే చర్మవ్యాధికి వచ్చింది, అక్కడి నుంచి నోటికి. దాడి చేసే కణాలకి అందే పిలుపుని అడ్డుకుంటుందని డాక్టరమ్మ చెప్పారు.

మొదటి నాలుగు రోజులు నరకం. పూసిన ఐదు నిమిషాలకి పచ్చిమిరపకాయ కొరికి అక్కడే పెట్టినట్టు మంట, పావుగంట ఉండేది. ఇలా ఉంటుందని నాకు ముందే చెప్పారు కాబట్టి ఓర్చుకున్నాను, చెప్పకపోతే రెండో రోజే పారేసేదాన్ని. వారం తిరిగేసరికి పూసినప్పటి మంట పోయింది. మూడో వారంలో నాలుక మచ్చ సగమైంది, ఎనిమిది వారాలకి ఎరుపు పోయి తెల్ల గీతలు మాత్రం మిగిలాయి. నోట్‌బుక్‌లో నాలుక వరసలో 6, 6, 7, 5, 4, 2 అని దిగింది.

ధర ఎక్కువ. నేను కొన్న 10 గ్రాముల ట్యూబు 400 రూపాయల దాకా పడింది. ఆపిన నెలన్నరకి మచ్చ మళ్లీ కొంచెం తిరగబెట్టింది, అంటే ఇదీ శాశ్వతం కాదు. ఇంకో భయం పెట్టెలోని కాగితం మీద ఉంటుంది. 2006లో అమెరికా ప్రభుత్వ మందుల నియంత్రణ సంస్థ ఈ ఆయింట్‌మెంటు మీద క్యాన్సర్ గురించి పెద్ద హెచ్చరిక పెట్టించింది. నేను ఆ కాగితం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. కొద్ది చోట, కొద్ది రోజులు, వేరే మందుకి లొంగనప్పుడే ఇస్తామని, మచ్చని క్రమం తప్పకుండా చూస్తూ ఉంటామని ఆవిడ కూర్చోబెట్టి వివరించారు. 2020లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్ష సంస్థ ఈ జబ్బుకి స్టెరాయిడ్ల మీద జరిగిన పరీక్షలన్నీ ఒకచోట చేర్చి చూసింది. స్టెరాయిడ్లు నొప్పి తగ్గించవచ్చు, నొప్పి విషయంలో టాక్రోలిమస్ ఇంకా మెరుగు కావచ్చు, కానీ రుజువు బలంగా లేదు అన్నది. నా నోట్లో జరిగిందీ దానికి దగ్గరగానే ఉంది: మొండి మచ్చకి టాక్రోలిమస్, మిగతా నోటికి స్టెరాయిడ్. టాక్రోలిమస్‌ని మొదటి మందుగా ఎవరైనా రాస్తే మాత్రం నేను రెండో డాక్టరుని అడుగుతాను.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. షాపుల్లో నోటిపూతకి ఇచ్చే కోలిన్ సాలిసిలేట్ జెల్ పూస్తే తిమ్మిరెక్కి పది నిమిషాలు హాయి, తర్వాత అంతే మంట. జబ్బు మీద పనిచేయదు. బెంజిడమైన్ పుక్కిలింత కొంచెం నయం, భోజనానికి ముందు పుక్కిలిస్తే నాలుగు ముద్దలు ఎక్కువ తినగలిగాను. పెళ్లికి వెళ్లిన రోజు అది సంచిలో పెట్టుకుంటాను. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ చిగుళ్లు శుభ్రంగా ఉంచుతుంది గానీ రెండు వారాలకి పళ్లు గోధుమరంగు తిరిగాయి, కాఫీ తాగే అలవాటు వల్ల ఇంకా ఎక్కువ. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ ఏదైనా సరే ఈ జబ్బువాళ్లు దగ్గరికి రానీయొద్దు.

కలబంద మా పెరట్లో ఉంది. కోసిన మట్టలోంచి పసుపురంగు జిగురు కారిపోయేదాకా నిలబెట్టి, లోపలి గుజ్జు కడిగి పూశాను. చల్లగా, హాయిగా ఉంటుంది, మంట ఒక అంకె తగ్గుతుంది. కలబంద జెల్ మీద పరీక్షలు కూడా జరిగాయని, కొన్నిటిలో మేలు కనిపించిందని డాక్టరమ్మ అన్నారు, వద్దనలేదు. రేగని రోజుల్లో ఇప్పటికీ వాడతాను. మా ఆడపడుచు చెప్పిన పసుపు, నెయ్యి మాత్రం పచ్చి మీద మండింది, మూడు రోజులకే ఆపాను. ఆమె ప్రేమతో చెప్పింది, అందుకే ఆమెకి కారణం కూడా చెప్పాను.

మందు కాదు గానీ మందంత పనిచేసింది టూత్‌పేస్టు మార్చడం. మామూలు పేస్టులో నురుగు కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ లేనిది వెతికి కొన్నాను. పది రోజుల్లో పొద్దుటి మంట తగ్గింది. పెట్టె వెనక పదార్థాల జాబితాలో ఆ పేరు లేకుండా చూసుకోవాలి. పుదీనా, దాల్చినచెక్క రుచులు కూడా నాకు పడవు. బ్రష్ అన్నిటికంటే మెత్తది. చిగురు మండుతోందని బ్రష్ చేయడం మానేస్తే పాచి పట్టి చిగురు ఇంకా రేగుతుంది, అది నేను అనుభవించాను.

తిండి సంగతి. కారం మానేయమని అందరూ చెబుతారు, గుంటూరు మిరపకాయ పండే చోట పుట్టినవాళ్లకి అది చెప్పినంత తేలిక కాదు. నోట్‌బుక్ చూస్తే నాకు కారం కంటే కరకరలాడేవే ఎక్కువ దెబ్బ తీశాయి. అప్పడం, జంతిక, మాడిన అట్టు అంచు. గీరుకున్న చోటల్లా మూడో రోజుకి కొత్త మచ్చ. పులుపు రెండోది, గోంగూర మరీ. కారం మూడోది. వేడి వేడిగా మింగేది ఏదైనా చెడ్డదే. ఇడ్లీ ఆరబెట్టుకుని, పెరుగన్నం, సొరకాయ, బీరకాయ, ముద్దపప్పు నెయ్యితో, ఇలా ఏడాది నడిచింది.

ఏ మందు వాడినా, మంట పూర్తిగా పోయినా, ఆరు నెలలకోసారి నోరు చూపించుకోవడం నేను మానను. ఈ మచ్చలున్నవాళ్లలో నూటికి సుమారు ఒకరికి, ఏళ్ల మీద, క్యాన్సర్‌గా మారుతుంది. తక్కువే. కానీ తొంభై తొమ్మిదిలో ఉన్నానని ఇంట్లో కూర్చుని తెలుసుకునే దారి లేదు. మానని పుండు, చేతికి గట్టిగా తగిలే చోటు, ఒకే పక్క పెరిగే మచ్చ కనిపిస్తే ఆరు నెలలు ఆగకుండా వెళ్లాలి. నాలుక మచ్చ తిరగబెట్టినప్పుడు రెండోసారి ముక్క తీశారు. రిపోర్టు వచ్చేదాకా ఎనిమిది రోజులు నేనూ మా వారూ దాని గురించి మాట్లాడుకోలేదు. లైకెన్ ప్లానసే అని వచ్చింది. ఆ సాయంత్రం మా వారు చెప్పకుండా వెళ్లి సపోటాలు తెచ్చారు, నేను తినగలిగే పండు అదే.

ఇప్పుడు నా దగ్గర నడుస్తున్నవి మూడే. వారానికి రెండు రాత్రులు ట్రేలో క్లోబెటసాల్. పరీక్షల డ్యూటీలు, నిద్రలేని రోజులు వచ్చి బుగ్గలు రేగితే రెండు వారాలు బీటామెథాసోన్ పుక్కిలింత. టాక్రోలిమస్ ట్యూబు ఒకటి ఉంది గానీ సీలు తీయలేదు. ఈ నెల నోట్‌బుక్‌లో బుగ్గలు 1, చిగుళ్లు 2, నాలుక 1. ట్రే రెండేళ్లది, కుడి అంచు చీలింది. వచ్చే నెల చెకప్‌కి వెళ్లినప్పుడు కొత్తది చేయించుకోవాలి.